ఉప్పు వేసింది నేనే

పాల్వంచ

సార్,

లెక్క ఆకాశానికి సరిపోయేదాకా అంకెను మనమే మార్చుకుంటూ పోతే, చివరికి మనకు కొత్తగా తెలిసిందేంది? ఎనిమిదేళ్లుగా నాలో ఇదే ప్రశ్న.

కంప్యూటర్‌లో నేను పెంచిన గెలాక్సీల్లో ఒక్కోదాని నడిమధ్యనుండే కృష్ణబిలానికి ఎంత బలముండాలో నేనే పెట్టాను. నిజం ఆకాశంలోని ముసలి గెలాక్సీల్లో లాగే కొత్త నక్షత్రాల పుట్టుక ఆగేదాకా ఆ బలాన్ని పెంచి, ఆపింది కృష్ణబిలమేనని తేల్చాను. థీసిస్‌లో ఆ అంకె నేనే పెట్టానని ఒప్పుకున్న వాక్యం తీసేస్తేనే సంతకం పెడతానన్నారు మీరు.

తండాలో మా వదిన సోనికి చెప్తే నవ్వింది. "ఉప్పు నువ్వే ఏసి, కూర ఉప్పగుందని కనిపెట్టినవా పిల్లా?" అన్నది.

ఆ వాక్యం తీయను సార్. డాక్టరేట్ రాకపోతే ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటాను. సంతకం మీ ఇష్టం.

నక్షత్రాల పుట్టుకను ఆపింది కృష్ణబిలమో, నా అంకెనో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మీ విద్యార్థిని