బీరువాల పడ్డ అవ్వ ఫోటో

12-11-2024

బాపూ,
మన అవ్వ ఫోటోను మా హెడ్‌మాస్టర్ కమలాకర్ సార్ బీరువాల పెట్టి తాళం ఏసిండు. నేను మంచిగున్న, ఫికర్ చెయ్యకు. ఈడ సిగ్నల్ లేదు, అందుకే కార్డు. పోస్టాయన చదివితే చదవనీ.

అడగకుండ ఫోటో తెచ్చిన తప్పు నాదే. పుస్తకంల బొమ్మలు చూపెడితే నా మూడో తరగతి పిల్లలు నోరు తెరుస్తలేరు. అందుకే తెలుగు క్లాసుల, అవ్వ హుజూర్‌నగర్ స్టూడియోల పాతకాలం డయల్ ఫోన్ చెవికి పెట్టుకొని దిగిన ఫోటో చూపెట్టిన. జూన్ నుంచి ఒక్క మాట మాట్లాడని సుమన లేచి, "సార్, ఫోన్‌కు వైరే లేదు, గీ అవ్వ ఎవరితోని మాట్లాడుతాంది?" అన్నది. ఇగ క్లాసంత ఒకటే లొల్లి. తలా ఒక జవాబు చెప్పిండ్రు, చెప్పిందే రాసిండ్రు. సుమన ఆరు వాక్యాలు రాసింది.

లొల్లి విని సార్ వచ్చిండు. "గిది తెలుగు క్లాసా, పెండ్లి ఆల్బమా?" అని ఫోటో గుంజుకున్నడు. పిల్లల రాతలు చదువుండ్రి సార్ అంటే, "పరీక్షల మీ అవ్వ వస్తదా?" అన్నడు. పరీక్షలకు కాదు, బడికే వస్తదని చెప్పిన.

ఇరవై మూడో తారీకు శనివారం తల్లిదండ్రుల మీటింగు. అవ్వను తీసుకొని ముందు రోజే అమ్రాబాద్ బస్సెక్కు, పండుకునుటానికి నా కిరాయి రూము ఉంది. బర్రె ఈనిందా? ఆ రెండు రోజులు చిన్నాయినను జూసుకొమ్మను. అమ్మ మోకాలు తగ్గితే అమ్మ గూడ రావాలె.

ఎవరితోని మాట్లాడిందో అవ్వనే అడుగుతనన్నది సుమన. అందరికి దండాలు. శనివారం పొద్దుగాల పది గంటలకల్లా బడి కాడ ఉండాలె.

నీ కొడుకు
పరమేష్