కింది గొంతు

బిలాస్‌పూర్,
బుధవారం

పెద్దమ్మకు నమస్కారం.

ఫోన్లో అయితే మధ్యలో హిందీ వచ్చేస్తుంది, అందుకే రాస్తున్నాను. రిటైరైన ఇంజన్ డ్రైవర్ డెన్నిస్ గారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుంటున్నాను. ఒకప్పుడు వాళ్ల చర్చి ప్రార్థనల్లో కూడా అందరూ ఒకే వరుస పాడేవారట. తర్వాత దాని పక్కన రెండోది చేరింది, క్రమంగా నాలుగయ్యాయి. నిశ్శబ్దానికి కూడా కాగితం మీద ఒక గుర్తు ఉంది. ఆ సంగతి నాకెంతో నచ్చింది.

డెన్నిస్ గారు నడిపే మా పాటల బృందంలో పై స్థాయిలో పాడే గొంతు జ్యోతిర్మయిది, కింది స్థాయిలో పాడే గొంతు నాది. సెలవుల్లో మీ వెనక పాడిన అలవాటు కొద్దీ, సాధనలో మూడుసార్లు నా వరుస వదిలి ఆమె వరుసలోకి వెళ్లిపోయాను.

"అరే బేటీ, మెయిన్ లైనూ, దాని పక్కన చీలిపోయే లూప్ లైనూ ఒకే స్టేషన్‌కి వస్తాయి. నీ లైన్ వదలకు" అన్నారు డెన్నిస్ గారు.

ఇంట్లో చెబితే నానమ్మ నవ్వింది. "ఏటే, అందరూ తలో దారీ పడితే అది పాటవుతాదేటి?"

వచ్చే నెల మొదటి ఆదివారం మా కార్యక్రమం. నాకు సంగీతం నేర్పిన మీరు ఒప్పుకుంటేనే పంపుతానని అమ్మ అంటోంది. వెళ్లకపోతే నా చోటు ఇంకొకరికి ఇస్తారు. దయచేసి అమ్మకు ఫోన్ చేయండి.

ఒక విషయం మీ దగ్గర దాచకూడదు. నాలుగోసారి నా వరుసలోనే చివరిదాకా నిలబడ్డాను. అంతసేపూ మీరు నాకు గుర్తు రాలేదు. అది తెలిశాకే మీరు సరేననడమో వద్దనడమో న్యాయం.

మీ చెల్లెలి కూతురు