ఖాళీగా వదిలిన గడి

చిరంజీవి చెల్లికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, మీ బావగారూ పైవాడి దయవల్ల కులాసా. నీ మోకాలు ఒక్కటి తప్ప అక్కడ అంతా కులాసాయేనని నీ ఉత్తరం చెప్పింది. ఆ మోకాలిని కూడా ప్రార్థనలో చేర్చాను. నువ్వు ఆ టెలిఫోన్ ఆఫీసు మెట్లు రోజుకు పదిసార్లు ఎక్కడం మానితే నా ప్రార్థనకు కాస్త సాయం చేసినదానివవుతావు.

నీ ఉత్తరం వచ్చి ఏడు వారాలైంది. "అక్కా, పెన్ను పోయిందా, ప్రేమ పోయిందా?" అని అడిగావు. రెండూ ఉన్నాయి. తీరికే లేదు. మా లా కాలేజీని చూసి గుర్తింపు ఇచ్చే బృందం వచ్చే నెల వస్తోంది. వాళ్లు వచ్చేలోపు ప్రతి శాఖా తన మంచిచెడ్డల గురించి తానే ఒక నివేదిక రాసి పంపాలి. మా శాఖకు హెడ్‌ని గనక ఆఖరి సంతకం నాది. నూట నలభై పేజీలు తయారయ్యాయి. ఒక్క పేజీ దగ్గర సంతకం ఆగింది. ఆ పేజీ ఉండాలో పోవాలో చెప్పవలసినదానివి నువ్వు. ఎందుకో రాస్తాను. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాయనీ, చెయ్యి కాస్త కుదురుకుంటుంది.

మనం ఉత్తుత్తి కేసులు వాదించిన మూట్ కోర్టు గది అలాగే ఉంది. సాక్షి నిలబడే బోనుకు ఒక పక్క కొయ్య ఊడితే మేకు కొట్టించాం. జడ్జి కుర్చీ ఇప్పటికీ కుడివైపు ఒరుగుతుంది. పిల్లలు అంటారు, తీర్పు ఎటు మొగ్గుతుందో కుర్చీని చూస్తే తెలిసిపోతుందని. లైబ్రేరియన్ గారు రిటైరై తొమ్మిదేళ్లు. అయినా మంగళవారం మంగళవారం వచ్చి పేపరు చదివి, పుస్తకాలు తప్పు అరల్లో ఉన్నాయని కొత్తమ్మాయిని కోప్పడి వెళతారు. నీ గురించి అడుగుతారు. "ఆ గొంతున్న పిల్ల" అంటారు.

నా అక్షరాలు చిన్నవైపోతున్నాయన్నావు. కళ్లు కాదు, కాగితం పొదుపు. నాన్న పోలిక.

నివేదికలో శాఖ చరిత్ర అని ఒక భాగం ఉంది. దానికి ఫొటోలు కావాలన్నారు. ఇప్పుడు ఏం చేసినా ఫొటో ఉండాలి, లేకపోతే చేయనట్టే లెక్క. రికార్డు గదిలో పాత పెట్టెలు దింపించాను. రెండో పెట్టెలో నువ్వు దొరికావు. మొదటి మూట్ కోర్టు ఫొటో. నా నల్లకోటు వేసుకున్నావు. చేతులు పొడవైపోయి రెండు మడతలు పెట్టావు. వేలెత్తి ఏదో అంటున్నావు. ఏమంటున్నావో నాకు ఫొటోలో కూడా వినపడింది. జడ్జి కుర్చీలో పెద్దాయన, అప్పటి మా హెడ్. "మీరు కోర్టుకు జవాబు చెబుతున్నారా, కోర్టునే ప్రశ్నిస్తున్నారా?" అన్నారు. నువ్వు తడుముకోకుండా, "రెండూ సిద్ధంగా ఉన్నాయి. ముందు ఏది వింటారు?" అన్నావు. ఆయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. సాయంత్రం నాన్న కోర్టు నుంచి వచ్చి, టైపు కొట్టీ కొట్టీ నొప్పెట్టిన వేళ్లు విరుచుకుంటూ ఆ మాట నాచేత మూడుసార్లు చెప్పించుకున్నారు. మర్నాటి నుంచి నువ్వు ఇంట్లో లాయరమ్మవి.

మనం నడిచివెళ్లే దారి గుర్తొచ్చింది. ఇంటి దగ్గర నుంచి ఎడతెగని మాటలు. గేటు కనపడగానే నేను బిగుసుకుపోయేదాన్ని. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, నువ్వేమో నా క్లాసులోనే కూర్చునే విద్యార్థినివి. "గేటు లోపల నేను నీకు మేడమ్‌ని, గుర్తుంచుకో" అనేదాన్ని. నువ్వు చేతులు కట్టుకుని, "అలాగే మేడమ్. సాయంత్రం వస్తూ ఉప్పు తెమ్మని మా అక్క చెప్పింది, తమరు కాస్త గుర్తుచేస్తారా మేడమ్?" అనేదానివి. కాపలావాడు కూడా నవ్వేవాడు. నేను నవ్వేదాన్ని కాదు. ఇప్పుడు ఆ గేటు దాటుతూ ఒక్కదాన్నే నవ్వుకుంటున్నాను. కాపలావాడు మారాడు, ఈ మనిషికి కారణం తెలియదు.

ఇక ఆ పేజీ సంగతి.

నివేదికలో బలహీనతలు అని ఒక భాగం ఉంది. దాని గురించి స్టాఫ్ రూమ్‌లో రెండు రోజులు వాదన. మాకు ఒక కుర్ర లెక్చరర్ ఉన్నాడు. ఎప్పుడు చూసినా పట్టికలు గీస్తుంటాడు గనక గడుల మాస్టారు అంటాం. అతను అడిగాడు, బలహీనతల కింద ఏం రాద్దామని.

ఆస్తి చట్టం చెప్పే ఆయన ఉన్నారు చూడు, నీకూ చెప్పారు, ఇంకో ఏడాది సర్వీసు ఉంది ఆయనకు. "గదులు చాలవని రాసెయ్యి. అందరూ అదే రాస్తారు" అన్నారు.

"అది బలహీనత కాదు సార్, ఫిర్యాదు."

"అయితే మరీ ఎక్కువ కష్టపడిపోతామని రాయి. చదివేవాళ్లకు కన్నీళ్లు వస్తాయి."

గడుల మాస్టారు ఆయనతో పాటు నవ్వాడు గానీ, తర్వాత నా దగ్గరకొచ్చి ఒక కాగితం పెట్టాడు. హాజరు తగ్గినవాళ్లు పరీక్షకు కూర్చోనివ్వమని పెట్టుకునే అర్జీల లెక్క అది. పద్ధతి నీకు తెలుసు. అర్జీ మీద క్లాసు లెక్చరర్ ఒక గడిలో రిమార్కు రాయాలి, సిఫారసు చేస్తున్నానో లేదో. దాన్ని బట్టి హెడ్ నిర్ణయిస్తారు.

"మేడమ్, ఐదేళ్లలో తొమ్మిది అర్జీల మీద ఆ గడి ఖాళీగా ఉంది. లెక్చరర్ సెలవులో ఉన్నారో, మరిచిపోయారో. తొమ్మిదీ తిరస్కరించారు. ఆ తొమ్మిదిమందిలో నలుగురు మళ్లీ కాలేజీకి రాలేదు" అన్నాడు.

"తిరస్కరించింది ఎవరు?" అన్నాను.

అతను నేలచూపులు చూశాడు. ఐదేళ్లుగా హెడ్‌ని నేనే. గడి ఖాళీగా ఉంటే కాదన్నట్టేనని ఆఫీసు ఎప్పటి నుంచో లెక్కవేస్తోంది. వాళ్లు కట్టలు కట్టి పంపేవాళ్లు. నేను సంతకాలు పెట్టేదాన్ని. ఆ పిల్లల్ని ఒక్కరినీ పిలిచి అడగలేదు. అందరికంటే ముందు అడగవలసినదాన్ని నేను. ఖాళీ గడి ఏం చేస్తుందో నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

నీ ఉత్తరంలో ఒక మాట రాశావు. పాత విద్యార్థుల సమావేశానికి ఆఫీసు నుంచి నీకూ పిలుపు వచ్చిందట. "మధ్యలో మానేసినదాన్ని, నన్ను పాత విద్యార్థి అంటారా, పాత పరారీ అంటారా?" అని అడిగావు. ఎప్పుడూ నీ మాటకు నవ్వే మనిషిని, దానికి నవ్వలేకపోయాను. నువ్వు మానేయలేదమ్మా. నేను ఆపాను.

ఫోన్‌లో చెబితే నవ్వేసి మాట తిప్పేస్తావు. అందుకే రాస్తున్నాను. మధ్యలో ఆపకుండా చదువు.

అమ్మకు ఆపరేషన్ అయిన ఏడాది. తమ్ముడు అప్పటికి ఊళ్లో లేడు. ఆసుపత్రిలో పగలు ఒకరు కూర్చోవాలి. చెరో రోజు అనుకున్నాం. నాది కొత్త ఉద్యోగం, సెలవు అడగడానికి భయం. "నువ్వు వెళ్లు మేడమ్, నేను కూర్చుంటాను" అన్నావు. నా వంతు, నీ వంతు కలిపి ఆరు వారాలు కూర్చున్నావు. నీ హాజరు పోయింది అక్కడ. అర్జీ పెట్టావు. ఆ ఏడాది పదకొండు అర్జీలు వచ్చాయి. క్లాసు లెక్చరర్‌ని నేను. పదింటి మీద సిఫారసు చేస్తున్నానని రాశాను. అందులో ఒకడు క్రికెట్ ఆడి హాజరు పోగొట్టుకున్నవాడు. నీ అర్జీ మీద ఏమీ రాయలేదు.

సొంత చెల్లెలి అర్జీ మీద రాయకూడదనుకున్నాను. ఖాళీగా వదిలితే పెద్దాయన గ్రహించి తానే నిర్ణయిస్తారనుకున్నాను. ఇంతవరకే అయితే తెలియనితనం అనుకోవచ్చు. పెద్దాయన నిర్ణయం బోర్డు మీద పెట్టడానికి ముందు రోజు ఆఫీసులో చూశాను. పది పేర్లు ఉన్నాయి, నీది లేదు. ఆయన గది తలుపు దాకా వెళ్లాను. ఒక్క మాట చెబితే చాలు. లోపల ఎవరో ఉన్నారు. కాసేపు నిలబడి వెనక్కి వచ్చేశాను. లోపలి మనిషి వెళ్లేదాకా ఆగలేనంత పనేమీ లేదు నాకు. అంతకు కాస్త ముందే ఇదే ఆస్తి చట్టం ఆయన నలుగురిలో, "మీరు నిప్పమ్మా, సొంత చెల్లెలికి కూడా రాయలేదట" అన్నారు. ఆ మెప్పు నాకు తియ్యగా ఉంది. దాన్ని పోగొట్టుకోవాలనిపించలేదు.

ఇంటికి వచ్చి నీతో "పెద్దాయన ఒప్పుకోలేదు" అన్నాను. నువ్వు కాసేపు గోడవైపు తిరిగి కూర్చుని, "పోన్లే అక్కా, ఆయన రూలు మనిషి" అన్నావు. నన్నే ఓదార్చావు. ఏడాది ఆగి మళ్లీ చేరతానన్నావు. ఈలోపు టెలిఫోన్ ఆఫీసు ఉద్యోగం వచ్చింది, వెళ్లిపోయావు. నాన్న లాయరమ్మా అని పిలవడం ఏ రోజు మానేశారో నాకు గుర్తులేదు. మానేశారని మాత్రం తెలుసు.

అమ్మ పోయినప్పుడు పెద్దాయన పరామర్శకు వస్తే నువ్వు లోపలి గదిలోంచి బయటకు రాలేదు. "మీ చెల్లెలు ఎక్కడమ్మా?" అని అడిగారు. ఒంట్లో బాగాలేదన్నాను. ఆయన మీద నీకున్న కోపం నాకు రావలసినది. ఇరవై ఎనిమిదేళ్లు ఆయన చేత మోయించాను. ఆయన పోయి కూడా ఆరేళ్లైంది.

ఫొటో దొరికిన పెట్టెలోనే ఆ ఏటి అర్జీల కట్ట ఉంది. విప్పాను. నీ అర్జీ ఉంది, ఆసుపత్రి కాగితం పిన్నుతో సహా. నా గడి తెల్లగా ఉంది. అంచున పెద్దాయన సన్నని అక్షరాలు. అవి నేను ఎన్నడూ చూడలేదు. "ఇంటి సంగతి తెలిసిన స్వయానా అక్కే సిఫారసు చేయలేదు. కారణం ఉండే ఉంటుంది" అని రాసి, తిరస్కరించారు.

ఇన్నాళ్లూ నేను ఏమీ అనలేదనుకున్నాను. నీకు వ్యతిరేకంగా అందరికంటే గట్టి సాక్ష్యం నేనే చెప్పానని ఆ రోజు తెలిసింది. కట్ట మళ్లీ కట్టి, ఆ గదిలోనే ప్రార్థనకు కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఎన్నో ఏళ్లుగా ప్రార్థనలో అందరి పేర్లూ నిదానంగా చెప్పి, నీ పేరు దగ్గర మాత్రం గబగబా దాటేసేదాన్ని. ఎందుకో తెలియనట్టు నటించేదాన్ని, పైవాడి ముందు కూడా.

బలహీనతల భాగంలో ఒక పేజీ రాశాను. తొమ్మిది అర్జీల లెక్క, హెడ్‌గా నా బాధ్యత, ఇకనుంచి విద్యార్థిని పిలిచి వినకుండా ఏ అర్జీనీ తిరస్కరించకూడదని, బంధువుల అర్జీ వేరే లెక్చరర్‌కు వెళ్లాలని. ఆ పిల్లలు నలుగురికీ మళ్లీ చేరమని కబురు పంపాం. ఇద్దరు వస్తామన్నారు. పేజీ మొదట్లో ఇరవై ఎనిమిదేళ్ల నాటి ఒక అర్జీ కథ రాశాను. లెక్చరర్ తప్పని రాశాను. నీ పేరు లేదు. కానీ అప్పటివాళ్లు ఎవరు చదివినా నిన్ను గుర్తుపడతారు.

ప్రిన్సిపాల్ గారు చదివి కళ్లజోడు తుడుచుకున్నారు. "చుట్టాలొచ్చే ముందు మా ఇల్లు కారుతోందని బోర్డు పెట్టుకుంటామా మేడమ్?" అన్నారు.

"వాళ్లు ఇంటి కప్పు చూడడానికే వస్తున్నారు కదండీ."

"గుర్తింపు రాకపోతే?"

రాకపోతే ఇక్కడి పిల్లలకే నష్టం, ఆయన భయం అబద్ధం కాదు. ఇరవయ్యో తేదీలోపు తేల్చమని, శాఖ మీది, సంతకం మీది అని వదిలేశారు. తొమ్మిదిమంది లెక్క మాత్రం తీయను, అది నా చేతిలో ఉన్న సంగతి. నీ కథ నీది. నా మనసు తేలిక చేసుకోవడానికి నీ గతాన్ని నిన్నడగకుండా పదిమందిలో పెడితే, అది మరో తప్పు.

క్షమించమని అడగడం లేదు. అడిగితే నువ్వు వెంటనే ఇచ్చేస్తావు, ఆ సంగతి నాకు తెలుసు. కోపం తెచ్చుకో. పెద్దాయన మీద ఉన్నదంతా ఇటు తిప్పు. ఆ పేజీ తీసేయమంటే తీసేస్తాను, ఉంచమంటే సంతకం పెడతాను. రెండింటిలో ఏదైనా నాకు సమ్మతమే. పద్దెనిమిదో తేదీ దాకా నీ దగ్గర నుంచి ఏ కబురూ రాకపోతే, దానికి నేను సొంతంగా అర్థం చెప్పుకోను. ఆ రాత్రి రైలుకు టికెట్ తీసుకున్నాను. వచ్చి నీ గుమ్మంలో నిలబడి అడుగుతాను. లోపల ఎవరున్నా సరే, నువ్వు మాట్లాడేదాకా ఉంటాను.

ఇట్లు,
నీ జవాబుకు కట్టుబడిన
అక్క