దసరా పూజలో పెట్టిన పలక

ముక్తేశ్వరం,
అక్టోబరు, 2014.

శ్రీవారికి,

సత్యవేణి నమస్కరించి రాసేది. ఇక్కడ అత్తయ్యగారు, అమ్మాయి, నేను ఒంట్లో క్షేమంగానే ఉన్నాం. మనసుల సంగతి ముందుకెళ్ళాక రాస్తాను. జామ్‌నగర్‌లో వెల్డింగ్ పొగకి మీ కళ్ళమంట తగ్గిందో లేదో ఒక్క ముక్క రాయలేదు గాని, మన తోటలో మోటారు బేరింగు గురించి మాత్రం పేజీడు రాశారు. బేరింగు మార్పించాను. మోటారు ఇప్పుడు అరవడం మానేసి నీళ్ళు తోడుతోంది.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని అనుకుంటారు. ఆదివారం మీరు ఫోన్ చేస్తే స్పీకరు పెట్టి ముగ్గురం చుట్టూ కూర్చుంటాం. పక్కింటి గంగాదేవి పిన్నిగారు కూడా వచ్చి చేరతారు. ఇది అంతమంది ముందు చెప్పే సంగతి కాదు.

మీ అమ్మగారి మోకాలు ఎలా ఉందని అడిగారు. నొప్పి అలాగే ఉంది. అయినా తైలం రాయించుకుంటూ నాకు వంటలో లోపాలు చెప్పే ఓపిక ఉంది కనుక కంగారు పడకండి. తోటలో కొబ్బరి దింపు తీయించాం. కాయ ఈసారి బాగానే ఉంది, నీళ్ళు నిండుగా ఉన్నాయి.

ఇక మీ పెద్ద ప్రశ్న. ఎవరో వాడేసిన టాబ్లెట్ ఎందుకు కొన్నారు, మోసపోలేదు కదా అని. చూడటానికి పలకలాగే ఉంటుంది కనుక ఇంట్లో అందరం దాన్ని పలక అనే అంటున్నాం. అద్దం మీద వేలు పెడితే పనిచేసే కంప్యూటరు. వేసవిలో మీరు వచ్చినప్పుడు మన జ్యోతి బొమ్మకార్ల మోటార్లతో కట్టిన నాలుగు చక్రాల రోబో చూశారు కదా. అప్పుడు దాని వెనక పొడుగాటి వైరు ఉండేది. కాకినాడలో జరిగే రోబోల పోటీలో వైరు ఉండకూడదట. పలక చేత్తో పట్టుకుని, బండి వెనక నడుస్తూ తోలాలట. కొత్తవి మన అందుబాటులో లేవు. అందుకే పాతవి అమ్మే కొట్టుకి వెళ్ళాం.

రోబోని బియ్యం సంచిలో పెట్టి బస్సులో తీసుకెళ్ళింది మీ కూతురు. కొట్లోనే నేల మీద పెట్టి తోలి చూసింది. అది కొట్టాయన కుర్చీ చుట్టూ తిరిగి బుద్ధిగా వెనక్కి వచ్చాకే నేను బేరం మొదలెట్టాను. చాలాసేపు విని, "అమ్మా, మీరు కొనేది పలకాండీ, పొలమాండీ" అన్నారాయన. అయినా నేను తగ్గలేదు. ఒక మూల గీత ఉంది తప్ప వస్తువు నిక్షేపంగా ఉంది. కొట్టాయన మనల్ని ఏ మోసమూ చెయ్యలేదు. ఇది గట్టిగా చెబుతున్నాను.

కానీ దసరా వెళ్ళిన దగ్గర్నుంచి ఆ పలక మాట వినడం లేదు. కుడి వైపు వేలు పెడితే బండి ఎడమకి పోతుంది. ఆగమంటే గోడకి కొట్టుకుంటుంది. జ్యోతి మొదట నవ్వింది, తర్వాత నవ్వడం మానేసింది. తను రాసిన ప్రోగ్రాంలోనే ఎక్కడో తప్పుందంటూ పొద్దస్తమానం దానిముందే కూర్చుంది. కంచం ముందు పెడితే నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేది. "నాకు రాదేమోనమ్మా ఇదంతా. ఊరికే వస్తుందనుకున్నానేమో" అంది ఒకరోజు. ఆ మాట వింటూ నేను పప్పు తాలింపు వేస్తూ ఉన్నాను. 

ఏమండీ, తప్పు దానిది కాదు. నాది.

ఆయుధపూజనాడు ఎప్పటిలాగే కుట్టుమిషను, కొబ్బరి కత్తి, మీ పాత వెల్డింగ్ అద్దాలు దేవుడి ముందు పెట్టాను. అత్తయ్యగారు "కొత్త వస్తువు ఇంటికొస్తే బొట్టెట్టి కాయ కొట్టకుండా ఎలాగే అమ్మాయీ" అన్నారు. దాన్ని పూజలో పెట్టొద్దని జ్యోతి ముందురోజే చెప్పింది. అయినా పెట్టకుండా ఉండటానికి నాకు మనసొప్పలేదు. మీరు కళ్ళు మండించుకుని డబ్బు పంపితే వచ్చిన వస్తువాయె. అది పోటీకి వెళ్ళే వస్తువాయె. అమ్మాయి స్నానానికి వెళ్ళినప్పుడు తెచ్చి, పసుపు రాసి బొట్టు పెట్టాను. బయట వానగా ఉందని కాయ గుమ్మం బయట కొట్టకుండా లోపలే కత్తితో కొట్టాను. నీళ్ళు చెంబులో పడాల్సింది, సగం పలక మీద పడ్డాయి. కొంగుతో తుడిచి, ఉన్నచోటే పెట్టేశాను. వెలిగింది. వెలిగింది కదా, ఏమీ కాలేదనుకున్నాను. మీ అమ్మగారు చూడలేదు.

ఎందుకు చెప్పలేదంటే భయం. అమ్మాయి ఏమంటుందోనని మొదట, మీరేమంటారోనని తర్వాత. రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది.

నిన్న పొద్దున పోటీలోంచి పేరు తీసేయమని కాలేజీకి ఫోన్ చెయ్యబోయింది. అప్పుడిక ఆగలేక ఫోను లాక్కుని జరిగిందంతా చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. మరమేకులు తీసే చిన్న సామాను తెచ్చి పలక వెనక మూత విప్పింది. లోపల జిగటగా ఎండిన మరక, దాని చుట్టూ చీమలు. వేలిగోరుతో ఆ మరకని గీకి చూసింది.

"పలక పోతే పోయిందిలేమ్మా, అద్దం మారుస్తారేమో అడుగుదాం. నేను రాసింది తప్పనుకుని వేసవి నుంచీ చేసిందంతా మొన్న చెరిపేసేను. అది బాగానే ఉందన్నమాట" అంది.

నేను కొబ్బరినీళ్ళు ఒలకబోస్తే ఒక వస్తువు పాడైంది. నోరు మూసుకుని కూర్చుంటే దాని కష్టమంతా పోయింది. మీరు నన్ను ఎంత తిట్టినా పడతాను. దాన్ని మాత్రం ఆదివారం అందరి ముందూ పోటీ సంగతి అడగకండి. విడిగా పిలిచి, తప్పు నీది కాదమ్మా అని మీ నోటితో చెప్పండి. నేను చెబితే ఊరుకోబెడుతున్నానని అనుకుంటోంది.

ఇవాళ పొద్దున్నే లేచి తన గదిలో పుస్తకాలు, రోబో ముందేసుకుని మళ్ళీ మొదట్నుంచి రాయడానికి కూర్చుంది. సంతోషంతో కాఫీ కలిపి పట్టుకెళ్ళాను. మన ఇంట్లో ఆ గదికి గడియ ఉందని కూడా నేను మర్చిపోయాను, ఎప్పుడూ ఎవరూ వెయ్యలేదు కనుక. లోపల గడియ వేసి ఉంది. గ్లాసు గుమ్మం దగ్గర పెట్టి వచ్చి, ఇదిగో, ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇట్లు,
మీ భార్య,
సత్యవేణి.