మూడు గదుల్లోనూ ఉన్న మనిషి

జనన మరణ నమోదు ప్రధాన అధికారి గారి సముఖమునకు,

నిల్వ విభాగం మాజీ పర్యవేక్షకుడు, తమ సిబ్బంది చాటుగానూ ఎదురుగానూ కూడా "మూడు గదుల మాస్టారు" అని పిలుచు వ్యక్తి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: (అ) నా భార్య కొత్త ఫొటో నిమిత్తం స్వయంగా హాజరు కావలెనని వచ్చిన నోటీసు గురించి, (ఆ) అయిదేళ్ళ ఒక ఆడపిల్లను పుట్టినట్టు నమోదు చేయించుట గురించి, (ఇ) పై రెండూ ఒకే విషయం అగుట గురించి.

సూచిక: తమ నోటీసు. దాని మీద నంబరు అచ్చు సరిగా పడలేదు గనుక ఇక్కడ వేయలేదు. దీనిని కూడా ఒక ఫిర్యాదుగా స్వీకరించగలరు.

1. గత నెల పదమూడో తేదీన నా భార్య పేర తమ కార్యాలయం నుంచి నోటీసు వచ్చినది. రికార్డులోని ఫొటో పాతబడినందున పదిహేను రోజుల్లో స్వయంగా వచ్చి కొత్త ఫొటో తీయించుకోవలెనని, రాలేని పక్షంలో కారణం తెలుపవలెనని అందులో ఉన్నది. కారణం తెలుపుకొనుచున్నాను. ఆమె చనిపోయి అయిదేళ్ళ ఒక నెల అయినది.

2. ఇందులో తమ సిబ్బంది తప్పు ఏమీ లేదు. తమ రికార్డు ప్రకారం ఆమె బతికే ఉన్నది. ప్రతి నెలా ఒకటో తేదీన తమ యంత్రం అరవై దాటిన వారందరికీ ఫోను చేసి, "మీరు క్షేమంగా ఉంటే ఒకటి నొక్కండి" అని అడుగును. నా భార్య ఫోను మోగినప్పుడల్లా నేను ఒకటి నొక్కుచున్నాను. ఇప్పటికి అరవై సార్లు నొక్కితిని. ఆ ఫోనుకు రోజూ ఛార్జింగు పెట్టుచున్నాను. ఒక నెల స్నానాల గదిలో ఉండి అందుకోలేకపోయితిని. మళ్ళీ ఒకటో తేదీ వచ్చేదాకా నాకు తిండి సహించలేదు.

నా బావమరిది, అనగా ఆమె తమ్ముడు, ఆదివారాలు వచ్చి పోతుంటాడు. "బావా, అక్క ఫోను ఇంకా మోగుతోందేంటి?" అని ఒకసారి అడిగాడు. చెప్పాను. "నువ్వేం చేస్తున్నావో నీకు తెలుస్తోందా బావా? అక్కని పోనివ్వవా?" అన్నాడు. అని ఏడ్చాడు. ఇది కార్యాలయమునకు అవసరం లేని సంగతి. కొట్టివేయుటకు మనసొప్పక ఉంచితిని.

తమ రికార్డులో ఆమెకు ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. నేను చూసింది అరవై మూడు వరకే. అరవై ఎనిమిదేళ్ళ మా ఆవిడ ఎలా ఉంటుందో నాకు తెలియదు. అద్దం ముందు నిలబడి, పక్కన ఆ వయసు మొహం ఊహించుకోబోయి భయపడ్డాను.

3. తమరు ఈ కుర్చీలోకి కొత్తగా వచ్చినారు గనుక పద్ధతి మనవి చేసుకొనుచున్నాను. రిజిస్టరు ఒక్క యంత్రంలోనే ఉంటే ఆ యంత్రం చెడిననాడు ఊరంతా గల్లంతు. అందుకని ఒకే రిజిస్టరును మూడు గదుల్లో ఉంచే పద్ధతి నేను కనిపెట్టితిని. మొదటి గది తమ కాళ్ళ కింద, నేలమాళిగలో ఉన్నది. రెండోది వీధికి అవతల కళ్ళజోళ్ళ దుకాణం పైన. మూడోది ఊరి చివర నీళ్ళ ట్యాంకుల పక్కన. ఏ నమోదైనా కనీసం రెండు గదులు "రాసుకున్నాం" అంటేనే చెల్లును. ఒక గది మాట మిగతా రెండింటితో కలవనిచో ఆ రెండూ కలిసి దాని తప్పు దిద్దును. ఒక గది పాడైపోతే మిగిలిన రెండింటిలో ఒకదాని నుంచి దానిని మళ్ళీ నింపవచ్చును. ఇరవై రెండేళ్ళలో ఒక్క పేరు పోలేదు. ఒక్క పూట తప్ప. అది ఆరో అంశంలో చెప్పెదను, నాకు కొంచెం సమయం ఇవ్వండి.

గదులు రెండేసి క్షణాలకు ఒకదానినొకటి పలకరించుకొనును. వరసగా మూడు పలకరింపులకు జవాబు లేకపోతే ఆ గది పోయిందని లెక్క. మూడే ఎందుకని కమిటీ వారు అడిగితే నాలుగు పేజీల లెక్కలు చూపించితిని. ఆ లెక్కలు తర్వాత వేసినవి. అసలు సంగతేమిటంటే, మా ఆవిడ వంటగదిలోంచి "ఏవండీ, ఉన్నారా?" అని కేకేసేది. నేను పనిలో పడి పలికేవాణ్ణి కాదు. రెండోసారి కేకేసేది. మూడోసారీ పలక్కపోతే గరిటె పట్టుకునే వచ్చి, "చెవులు ఆఫీసులో వదిలేసి వచ్చారా?" అని చూసి పోయేది. ఈ పద్ధతికి గాను ఇచ్చిన ప్రశంసాపత్రం మీద నా పేరొక్కటే ఉన్నది. సభలో నేను ఆమె మాట ఎత్తలేదు. మర్చిపోయి కాదు, నామోషీ వేసింది.

4. బావమరిది ఏడ్చి వెళ్ళిన మర్నాడు, అప్పటికి నేనింకా ఉద్యోగంలోనే ఉన్నాను, నేలమాళిగలో కూర్చుని మొదటి గది రిజిస్టరులో ఆమె మరణం నా చేత్తో టైపు చేసితిని. తొమ్మిది నిమిషాలకు తెర మీద ఈ కింది విధంగా వచ్చినది:

"పాడైన సమాచారం గుర్తించబడినది. మిగతా రెండు గదుల సాక్ష్యంతో సరిచేయబడినది."

మళ్ళీ టైపు చేసితిని. మళ్ళీ తొమ్మిది నిమిషాలు. మూడోసారి కూడా అంతే. అయ్యా, నేను కట్టిన యంత్రమే నాతో మీ ఆవిడ చావు పొరపాటు, దిద్దేశాను అంటోంది. ఆ తొమ్మిది నిమిషాల్లో వీధి దాటి రెండో గదిలో కూడా టైపు చేసి ఉంటే పని అయ్యేది. తాళాలు నా దగ్గరే ఉన్నాయి. వెళ్ళలేదు. నిజం చెప్పాలంటే మూడోసారి ఆ వాక్యం కనపడినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికి వెళ్తూ ఆమెకు ఇష్టమైన ఉప్పు బిస్కెట్లు కొన్నాను. ఇంటికెళ్ళి తాళం తీస్తుంటే గానీ గుర్తు రాలేదు.

5. ఇక నోటీసు విషయం. ఆమెకు ఒంట్లో బాగాలేదని, ఫొటో మినహాయింపు ఇవ్వమని అడగడానికి తమ ఆరో నంబరు కౌంటరుకు వెళ్ళితిని. అబద్ధం చెప్పడానికే వెళ్ళాను, దాచేదేముంది. నా ముందు వరసలో ఒకావిడ ఉన్నది. బడి యూనిఫాంలు కుట్టే దుకాణంలో పని. మెడలో కొలతల టేపు తీయడం కూడా మరిచి వచ్చినది. పక్కన కూతురు, బుజ్జి అని పిలుస్తున్నది.

"అమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు కౌంటరు గుమాస్తా. "మూడు చోట్లా చూశాను. మూడు చోట్లా లేదు. మూడు చోట్లా లేదంటే పుట్టలేదనే."

"పుట్టలేదా? మరి ఇదెవరండీ?"

"అది నాకెలా తెలుస్తుంది? సాక్షిని తెండి."

"దారిలో పుట్టిందని చెప్పాను కదయ్యా, అంబులెన్సులో. ఆసుపత్రి వాళ్ళు మీకు పంపేశాం, మా దగ్గర కాగితాలు ఉంచుకోం అంటున్నారు. ఆ డ్రైవరు ఏ ఊళ్ళో ఉన్నాడో నాకేం తెలుసు? ఊళ్ళో పిల్లలందరికీ నేనే కుడుతున్నా గౌన్లు. దీన్ని మటుకు బడి గేటు దాటనివ్వట్లేదు."

ఆ పిల్ల కౌంటరు అంచు పట్టుకుని కాలివేళ్ళ మీద లేచి, గుమాస్తా వైపు చూసి, "అమ్మా, ఈయనకి నేను కనపడట్లేదా?" అన్నది. గుమాస్తా నవ్వేశాడు. ఆవిడ నవ్వలేదు. పుట్టిన తేదీ మరోసారి చెప్పింది. ఆ తేదీ నేను వేరే ఎవరి నోటా వినకూడదని కోరుకునే తేదీ. నేను కౌంటరు అంచు పట్టుకున్నాను.

నా వంతు రాగానే గుమాస్తా లేచి నిలబడి, "మాస్టారూ, మీరు రావాలా? ఫోను చేస్తే సరిపోయేది కదా," అని తెర చూసి, "అమ్మగారికేం సార్, మూడు చోట్లా ఉన్నారు. నిక్షేపంగా ఉన్నారు," అన్నాడు.

బుజ్జి తల్లి వెనక్కి తిరిగి నన్ను చూసింది. అంతే. నేను మినహాయింపు అడగకుండానే వచ్చేశాను.

6. (ఈ అంశం నాలుగుసార్లు రాసి చింపడమైనది.) నా భార్య ఆ రోజు ఉదయం ఏడున్నరకు పోయినది. మధ్యాహ్నం నేను ఆఫీసుకు వచ్చితిని. సెలవు చీటీ కోసం వచ్చాననుకుని అందరూ పక్కకు తప్పుకున్నారు. ఆసుపత్రి వారు సాయంత్రంలోగా నమోదు పంపుతారని నాకు తెలుసు. ఆ గడువు పెట్టించింది నేనే. రెండో గదికి వెళ్ళి, యంత్రం తీగ పీకేసి, దాని పక్కన నేల మీద కూర్చున్నాను. ఒక్క గదిలోనైనా ఉండనీ అనుకున్నాను. అయ్యా, అంతకు మించి ఏ దురుద్దేశమూ లేదు. మర్నాడు తీగ తగిలించి, ఆ పూట నమోదులన్నీ తనకు అందాయని ఆ యంత్రం చేత అబద్ధం చెప్పించాను.

ఆరో రోజున నీళ్ళ ట్యాంకుల దగ్గర గొట్టం పగిలి మూడో గది మునిగిపోయినది. కొత్త యంత్రం పెట్టి నింపవలెను. మొదటి గది నుంచి నింపాల్సింది. రెండో గది నుంచి నింపాను. చెయ్యి పొరపాటున పడలేదు. చూసి, ఆగి, మళ్ళీ చూసి నొక్కాను. రెండో గది చేత ఆ అబద్ధం మానిపించాను, అప్పుడు రెండు గదులు ఆమె ఉందన్నాయి. మొదటి గది ఒక్కటే లేదన్నది. తొమ్మిది నిమిషాల్లో అది కూడా ఒప్పుకుంది.

ఆ పూట మొత్తం నమోదులు ముప్పై ఏడు. ఆమె ఒక్కతే వెనక్కి వచ్చింది అనుకున్నాను. ఆ పూట పుట్టినవాళ్ళు పోయారని నాకు తట్టలేదు. ఇరవై రెండేళ్ళు ఈ పని చేసినవాడికి తట్టలేదు! మిగతా వారు కాళ్ళరిగేలా తిరిగి, సాక్షులను తెచ్చుకుని సరిచేయించుకున్నారని ఇప్పుడు విచారిస్తే తెలిసినది. మిగిలిపోయింది బుజ్జి ఒక్కతే. ఆసుపత్రులు కాగితాలు దాచనక్కర్లేదని సలహా ఇచ్చిన కమిటీలో మొదటి సంతకం నాది.

7. పరిష్కారం ఉన్నది. ఏ రోజు నమోదులు ఆ రోజు వచ్చిన వరసలోనే ఒక టేపు మీదకు కూడా ఎక్కును. గదులు మూడూ పోయినా ఊరు మిగలాలని, ఆ టేపు భవనం బయట, పర్యవేక్షకుని ఇంట్లో ఉంచే ఏర్పాటు. ఆ రోజు టేపు తేమ తగిలి పాడైనదని నేను నివేదిక ఇచ్చితిని. పాడవలేదు. నా భార్య బీరువాలో, ఆమె ఊదారంగు స్వెట్టరు మడతలో ఉన్నది.

తీసి చూసితిని. నాలుగు గంటల పది నిమిషాలకు ఇరవై ఒకటో నమోదు నా భార్య. నాలుగు ఇరవై ఆరుకు ఇరవై రెండో నమోదు ఆడ శిశువు. టేపు మీద ప్రతి నమోదుకూ ఒక ముద్ర ఉండును. అది ముందున్న నమోదు ముద్రను బట్టి తయారగును. ఒకటి వదిలేస్తే దాని తర్వాతది చెల్లదు. ఎవడూ మధ్యలో ఒక మనిషిని మాయం చేయకూడదని నేనే అలా కట్టాను. ఈ నెల రోజులూ నా పద్ధతిలో నేనే కన్నం వెతికాను, ఆమెను తాకకుండా పిల్ల దగ్గరికి వెళ్ళే దారి ఏదైనా ఉందేమోనని. లేదు. ఇంత గట్టిగా ఎందుకు కట్టి చచ్చానురా దేవుడా అని తల పట్టుకున్నాను.

కావున తమరు దయచేసి ఆ టేపును మొదటి నుంచి చివరి వరకు, ఏమీ వదలకుండా మూడు గదుల్లోనూ నడిపించవలెను. పిల్లకు ధ్రువపత్రం అదే రోజు ఇప్పించవలెను. తల్లిని మళ్ళీ ఆరో కౌంటరు వరసలో నిలబెట్టకుండా చూడవలెను. నా మీద ఏ చర్య తీసుకున్నా నాకు సమ్మతమే. ఒకటో తేదీన మా ఇంటికి ఫోను రాకుండా చూడవలెను. టేపు నడిపే మీట మటుకు తమరే నొక్కవలెను. "మాస్టారు ఉన్నారుగా, ఆయన్నే పిలవండి" అని సిబ్బంది అందురు. పిలవకండి. నేను వస్తే నొక్కను. మంచివాణ్ణే, కానీ నొక్కను.

ఇంతకు మించి విన్నవించుకొనుటకు నాకు చేతకాదు. తమరు చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఆ పూట తీగ పీకినవాడు

జతపరచినవి: టేపు ఒకటి. నోటీసు ఒకటి. నా భార్య ఫోను, ఛార్జరుతో సహా.

పునశ్చ (కవరు వెనక):

అయ్యా, ఈ కవరు పొద్దున్నే యూనిఫాంల దుకాణానికి వెళ్ళి బుజ్జి తల్లి చేతికి ఇచ్చేశాను. నేను తెస్తే మీ గేటు దగ్గరి నుంచే వెనక్కి తిరుగుతానని తెలుసు. మళ్ళీ నేనే వచ్చి అడిగినా ఇవ్వొద్దని ఆవిడకి గట్టిగా చెప్పాను. ఇంటికెళ్ళి పావుగంట కూర్చున్నాను. పరుగెత్తుకుంటూ బస్ స్టాపుకు వచ్చాను. ఒక్కసారి ఇవ్వమ్మా, తప్పు రాశాను, దిద్ది ఇస్తా అన్నాను. ఇవ్వలేదు. రేపు ఇస్తా అన్నాను. కాళ్ళు పట్టుకోబోయాను, జనం చూస్తున్నారు. "మాస్టారూ, మీరే ఇవ్వొద్దన్నారు," అంది. ఆవిడ కూడా ఏడుస్తోంది. చివరికి వెనకాల నాలుగు ముక్కలు రాసుకోనిచ్చింది. కవరుకి ఒక చివర ఆవిడ పట్టుకునే ఉంది, రెండో చివర నేను రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే క్షమించండి. బస్సు వస్తోంది. పిల్ల ఎక్కేసింది. ఆవిడ లాగుతోంది. వదిలేస్తున్నాను.