నీ మందుల అర

అమ్మా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పాప నడక నేర్చాక ప్లగ్గులకు మూతలు పెట్టాం, వంటింటికి అడ్డుగేటు బిగించాం. నీ మందుల అర మాత్రం నేనే ఎవరినీ తాకనివ్వలేదు.

నిన్న పాప దాన్ని తెరిచి నీ బీపీ మాత్రలు నోట్లో పెట్టుకుంది. రెండు బయటికి తీశాను. ఎన్ని మింగిందో తెలియలేదు. తిరుపతి ఆసుపత్రిలో సాయంత్రం దాకా ఉంచారు.

"బిడ్డకేం భయం లేదమ్మా, ఇంటికి తీసకపోండి" అంది నర్సు.

మా ఆయన నన్ను తిట్టలేదు. ఆటోలో మాత్రం మెల్లగా అడిగారు. "ఇంగనన్నా ఆ అర కాళీ సేద్దామా?"

ఈ పొద్దున మాత్రలన్నీ పారేశాను. 'పొద్దున', 'రాత్రి' అని నువ్వు రాసుకున్న కవర్లు పారేయలేక, పాపకు అందకుండా అటక మీద పెట్టాను. స్టూలు ఎక్కితే గాని నాకూ అందవు.