ఘాటుకేలే, పొగకేలే

గుంటూరు

అక్కా,

నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం క్షేమంగానే ఉన్నాం. నువ్వూ, బావగారూ, పిల్లలూ ఎలా ఉన్నారో రాయి. నిజంగా బాగుంటేనే బాగున్నామని రాయి. నీ దగ్గు సంగతి ఫోనులో ఎప్పుడడిగినా “జీడిగింజలు కాల్చే పొగకేలే, వేటపాలెంలో దగ్గనివాళ్లెవరు” అంటావు, ఫోను పిల్లల చేతికిచ్చేస్తావు. దసరా నుంచీ ఇదే మాట. అందుకే కాయితం మీద రాస్తున్నా. ఇందులోనైతే నా మాటకి అడ్డు తగల్లేవు.

నా పని తెలిసిందే, కోల్డ్ స్టోరేజీ పక్క షెడ్డులో మిరపకాయల తొడిమలు తీయడం. ఇంటికొచ్చాక అన్నం కలుపుకుందామంటే చేతులు భగ్గుమంటాయి. మాఘమాసంలోనే ఎండ మాడ్చేస్తోంది. సముద్రం గాలి లేదు, చేప చేపలా ఉండదు. ఎవరైనా ఇటొస్తే నాలుగు ఎండు నెత్తళ్లు పంపించు. పక్కింటావిడ నన్ను పలకరించేది కుళాయి నీళ్లొచ్చినప్పుడే. బెంగపెట్టుకోకు, నేను బాగానే ఉన్నాను.

ఇక మా ఆయన, అదే మీ మరిదిగారి నిర్వాకం విను. గోతాలు కొరుకుతున్నాయని పగలంతా మిర్చి గోడౌనులో ఎలుకలకు బోన్లు పెట్టే మనిషి, సాయంత్రం ఇంటికొచ్చి రెండు ఎలుకలకు అన్నం తినిపిస్తూ వచ్చాడు. పై వాటాలో ఉండే కాలేజీ అమ్మాయి చదువైపోయి ఊరెళ్తూ, తాను పెంచుకున్న తెల్ల ఎలుకల్ని పంజరంతో సహా ఈయన చేతిలో పెట్టింది. కాదనడానికి నోరు రాలేదట. నా మీదైతే బాగానే లేస్తుంది ఆ నోరు. వాటికి పేర్లు కూడానూ, లడ్డూ, బూందీ. రెండూ ఆడవే, అదొక్కటే నా అదృష్టం. మొదట్లో పంజరం వైపు చూస్తేనే ఒళ్లు జలదరించేది. తర్వాత, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నేను పని నుంచి రాగానే పరిగెత్తుకుని ఎదురొచ్చేవి ఈ ఊళ్లో ఆ రెండే. బూందీ అయితే నా కొంగులో దూరి పడుకునేది.

ఆ బూందీయే తుమ్మడం మొదలుపెట్టింది. మా బట్టల్నిండా మిరప ఘాటే కదా. ఇంట్లోకి రాగానే ఈయన తుమ్ముతాడు, నేను తుమ్ముతాను, అద్దెకోసం గుమ్మంలోకొచ్చిన ఓనరూ తుమ్ముతాడు. ఇక ఎలుక తుమ్మితే ఎవరికి పట్టింది? ఘాటుకేలే అన్నాడీయన. నేనూ ఘాటుకేలే అనుకున్నాను. తర్వాత దాని ముక్కు దగ్గరా కళ్లచుట్టూ ఎర్రగా పొడిలాంటిది అంటుకుని కనిపించింది. కారం ఎక్కడ పూసుకుందో అని తిట్టుకుంటూ తడిగుడ్డతో తుడిచాను. మర్నాడూ అంతే. కారం డబ్బా మూత గట్టిగా బిగించానక్కా, నా తెలివి ఏమని చెప్పను. బొచ్చు రేగిపోయి, వీపు ముడుచుకుని మూల కూర్చుంటే తెల్లవారుజాము చలికనుకున్నాం. లడ్డూ బూందీ వాటా కూడా తినేస్తుంటే ఆశ ఎక్కువైందని లడ్డూని తిట్టాం.

డొక్కలెగరేస్తూ ఊపిరి తీస్తుంటే అప్పుడు పట్టుకెళ్లాం పశువుల ఆస్పత్రికి. గేదెల్ని తోలుకొచ్చినవాళ్లంతా మమ్మల్ని చూసి నవ్వారు. డాక్టరమ్మ నవ్వలేదు. ఎన్నాళ్లనుంచి తుమ్ముతోందని అడిగింది.

“మా ఇంట్లో అందరం తుమ్ముతామండీ” అన్నాడు ఈ మహానుభావుడు.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు. అది కారం కాదట, రక్తమూ కాదట. ఎలుక కంట్లో ఊరే నీరే ఎర్రగా ఉంటుందట. ఒంట్లో బాగోనప్పుడు అది మొహం శుభ్రం చేసుకోక అలా పేరుకుపోతుందట. దాన్ని నా చెవి దగ్గర పెట్టి వినమంది. లోపల గంజి ఉడుకుతున్నట్టు గురగురమంటోంది.

“ఇది మూలగదమ్మా, దాచుకుంటుంది. మన కంటికి కనపడిందంటే అప్పటికే ముదిరిందని లెక్క” అంది.

రెండు పూటలా మందు పోశాం. పంజరాన్ని వెనక వసారాలోకి మార్చాం. పని బట్టలు బయటే విప్పుతున్నాం. ఈ పనులేవో ముందే చేసుంటే మా సొమ్మేం పోయేది? బూందీ దక్కలేదు. గోడౌనులో చచ్చిన ఎలుకల్ని తోకపట్టి విసిరేసే మనిషి, దీన్ని నా పాత జాకెట్టు గుడ్డలో చుట్టి కరివేపాకు మొక్క పక్కన పాతిపెట్టి భోరుమన్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఇంట్లో ఇద్దరం ఉండి ఒక్కసారైనా దాన్ని ఎత్తి చెవి దగ్గర పెట్టుకోలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే లడ్డూని చెవికి ఆనించుకుని వింటున్నా. దానికేం లేదు, దిట్టంగా ఉంది. మొన్న నీకు ఫోను చేసినప్పుడు ఆ అలవాటునే ఫోను కూడా చెవికి గట్టిగా అదిమిపెట్టుకున్నాను. బావగారి మీద చాడీలు చెబుతూ మధ్యలో ఊపిరి తీశావు చూడు. అదే గురగుర. ఏమిటక్కా అది అంటే, పొగకేలే అని పెట్టేశావు.

పొగకో కాదో డాక్టరు చెప్పాలి, నువ్వు కాదు. ఘాటుకేలే అనుకుని కూర్చున్న ఇల్లు మాది, నాకు తెలుసు. సోమవారం పొద్దున రైలుకి వస్తున్నా. ఆ రోజు జీడిగింజలు కొట్టే పనికి వెళ్లావంటే, మీ షెడ్డులోకొచ్చి అందరి ముందూ చెయ్యి పట్టుకుని లాక్కొస్తాను. ఇద్దరం చీరాల ఆస్పత్రికి వెళ్దాం. నువ్వు కసురుకున్నా సరే. నాకు భయంగా ఉందక్కా.

బావగారికి, మీ అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. ఉత్తరం చివర పెద్దవాళ్ల దీవెనలు అడగాలి కదా. అమ్మా నాన్నా పోయాక నన్ను దీవించడానికి నువ్వొక్కదానివే మిగిలావు. దీవెన తర్వాత ఇద్దువుగాని, ముందు సోమవారం నేనొచ్చేసరికి చెప్పులేసుకుని గుమ్మంలో నించో.

నీ చెల్లెలు
పద్మ